క్యోటోకు కరెంటు తెచ్చిన కాలేజీ చదువు

1869లో రాజధాని టోక్యోకు తరలిపోయాక క్యోటో కళ తప్పింది. అధికారులు చక్రవర్తి వెంట వెళ్లిపోయారు, వాళ్లను నమ్ముకున్న వ్యాపారులూ కదిలారు. కొండల అవతలి బివా సరస్సు నీళ్లు ఊళ్లోకి తెస్తే పడవలు తిరుగుతాయి, మిల్లులు ఆడతాయి అని గవర్నరు కితగాకి కునిమిచి ఆశ. ఆ బాధ్యతను 1883లో, అప్పుడే చదువు ముగించిన తనాబే సకురోకి అప్పగించాడు. తనాబే డిగ్రీ కోసం రాసిన థీసిస్ ఆ కాలువ మీదే! కుడిచేతికి దెబ్బ తగిలితే ఎడమచేత్తో రాసి పూర్తిచేశాడట.

అతను చదివింది 1873లో టోక్యోలో ప్రభుత్వం మొదలుపెట్టిన ఇంజినీరింగ్ కాలేజీలో. గ్లాస్గో నుంచి వచ్చి దాన్ని నడిపిన హెన్రీ డయ్యర్‌కు అప్పటికి పాతికేళ్లు నిండలేదు. ఆరేళ్ల కోర్సు: రెండేళ్లు సాధారణ పాఠాలు, రెండేళ్లు ఎంచుకున్న శాఖ, చివరి రెండేళ్లు ప్రాక్టికల్ పనే. భారీ జీతాలిచ్చి రప్పించిన విదేశీ ఇంజినీర్ల స్థానంలోకి సొంత మనుషుల్ని తేవాలన్నది సర్కారు లెక్క. 1885 వరకు అక్కడ పట్టా పొందింది కేవలం 211 మంది. అడ్రినలిన్ అనే హార్మోన్‌ను వేరుచేసిన తకమినె జోకిచి వాళ్లలో ఒకడు.

1885లో కాలువ పని మొదలైంది. కొండను తొలిచి దాదాపు రెండున్నర కిలోమీటర్ల సొరంగం వేశారు. పైనుంచి నిలువుగా బావిలా దిగి, అక్కణ్ణుంచి రెండు వైపులా తవ్వారు. మధ్యలో, 1888లో, తనాబే అమెరికా వెళ్లి నీటితో కరెంటు తీయడం చూశాడు. తిరిగొచ్చాక, నీటిచక్రాలతో మిల్లులు ఆడించాలన్న ప్లాను కరెంటు వైపు మారింది. 1890లో కాలువ పూర్తయితే, 1891లో కెయాగె జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. 1895కల్లా ఆ కరెంటుతో క్యోటో వీధుల్లో ట్రాము నడిచింది. జపాన్‌లో అదే మొదటి ఎలక్ట్రిక్ ట్రాము.

కాలేజీ పెట్టడమొక్కటే చాలదని మనకు రూర్కీ చెబుతుంది. అక్కడ ఇంజినీరింగ్ కాలేజీ 1847లోనే, అంటే టోక్యో కంటే 26 ఏళ్ల ముందే వచ్చింది. కానీ వలసపాలనలో పై ఉద్యోగాలు ఎక్కువగా ఐరోపావాళ్లవే, మనవాళ్లలో చాలామంది ఓవర్సీర్లుగానే మిగిలారు. కాలువ ఎటు తవ్వాలో తేల్చే అధికారం వాళ్లకు రాలేదు. నా దృష్టిలో అసలు తేడా అదే. తనాబేకి ఇరవై రెండేళ్లు నిండకముందే ఒక నగరం భవిష్యత్తును నమ్మి చేతికిచ్చారు.

ఆ తర్వాత అతను టోక్యోలోనూ, 1900 నుంచి క్యోటో విశ్వవిద్యాలయంలోనూ ఇంజినీరింగ్ పాఠాలు చెప్పాడు.