ప్రధాన యాజకుడికి ఏడు రోజుల కాపలా ఎందుకు?

యెరూషలేము ఆలయంలో అతి పరిశుద్ధ స్థలంలోకి ప్రధాన యాజకుడు ఏడాదికి ఒక్క రోజే వెళ్లేవాడు. అది యూదుల ఏడో నెల తిష్రీ పదో తేదీ, ప్రాయశ్చిత్త దినం. ఆ రోజు ఏం చేయాలో లేవీయకాండం 16వ అధ్యాయం చెబుతుంది. చేసేవాడికి పని తెలియకపోతే ఏమిటన్నది మాత్రం చెప్పదు. ఆ సంగతి క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదు ధర్మబోధల సంకలనం మిష్నాలో, యోమా అనే భాగంలో దొరుకుతుంది.

పండుగకు ఏడు రోజుల ముందే అతణ్ని ఇంటి నుంచి తెచ్చి ఆలయంలోని ఒక గదిలో ఉంచేవారు. అతనికి ఏదైనా అయితే చేయడానికి ఇంకో యాజకుణ్ని సిద్ధం చేసేవారు. పెద్దలు వచ్చి ఆ రోజు విధి చదివి వినిపించి, 'అయ్యా, మీ నోటితో మీరే చదవండి. మరిచిపోయారేమో, అసలు నేర్చుకోలేదేమో' అనేవారు. ముందు రోజు పొద్దున తూర్పు గుమ్మం దగ్గర నిలబెట్టి ఎడ్లను, పొట్టేళ్లను, గొర్రెలను అతని ముందు నడిపించేవారు.

యాజకులందరికీ పెద్దకు ఈ ఓనమాలు ఎందుకు? పదవి ఎలా చేతులు మారిందో చూస్తే తెలుస్తుంది. సొలొమోను కాలపు యాజకుడు సాదోకు వంశంలో తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన ఆ స్థానాన్ని క్రీ.పూ. 175లో యాసోను తన అన్న ఓనియా ఉండగానే సిరియా రాజు అంతియొకసు దగ్గర డబ్బిచ్చి కొనుక్కున్నాడు. మూడేళ్లకు మెనెలాయుసు అంతకంటే 300 తలాంతుల వెండి ఎక్కువ పాడి లాగేసుకున్నాడు. తర్వాత క్రీ.పూ. 152 నుంచి హస్మోనీయులనే యూదు యాజక కుటుంబం వారే పాలకులు, వారే ప్రధాన యాజకులు. క్రీ.పూ. 37లో యెరూషలేమును పట్టుకున్న హేరోదు పదవిని తన ఇష్టానికి పంచాడు. అప్పటి నుంచి క్రీ.శ. 70లో ఆలయం కాలిపోయేదాకా 28 మంది మారారని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ లెక్క. గ్రాటస్ అనే రోమా గవర్నరు అన్న అనే పేరున్న ప్రధాన యాజకుణ్ని దించి వరసగా నలుగురిని కూర్చోబెట్టాడు. ఆ నాలుగోవాడే సువార్తల్లోని కయప. పండుగ వస్త్రాలు కూడా చాలాకాలం అంటోనియా కోటలో రోమా వాళ్ల తాళం కింద ఉండేవి, పండుగకు ముందు ఇచ్చి తర్వాత తిరిగి తీసుకునేవారు. బట్టలు ఎవరి చేతిలో ఉంటే యాజకుడు వారి చేతిలో ఉన్నట్టే కదా!

ప్రాయశ్చిత్త దినపు ముందు రాత్రే అన్నిటికంటే గండం. నిద్రలో వీర్యస్ఖలనం జరిగితే అశుద్ధుడై విధికి పనికిరాడు. అందుకే సాయంత్రం కడుపునిండా పెట్టేవారు కాదు. కునుకు పడితే కుర్ర యాజకులు వేళ్లతో చిటికెలు వేసి లేపేవారు, చల్లని నేల మీద నిలబడమనేవారు. ఈ భయం ఊహ కాదు. హేరోదు కాలంలో మత్తీయ అనే యాజకుడికి సరిగ్గా ఉపవాసం ముందు రాత్రి అలాంటి కల వచ్చింది. ఆ ఒక్క రోజుకీ బంధువు యోసేపు అతని స్థానంలో నిలబడ్డాడని జోసెఫస్ రాశాడు.

తెల్లవారాక అయిదు స్నానాలు, పదిసార్లు కాళ్లూ చేతులూ కడుక్కోవడం. ముసలివాడైతే చల్లదనం విరగడానికి వేడినీళ్లు కలిపేవారు. రోజువారీ బలికి బంగారు వస్త్రాలు, ఆ రోజు ప్రత్యేక విధికి తెల్లనార వస్త్రాలు. రబ్బీ మేయీరు లెక్కన పొద్దుటివి ఈజిప్టు పెలూసియం నార, 12 మినాలు, అంటే 1,200 జూజులు (వెండి నాణేలు). సాయంత్రానివి ఇండియా నార, 800 జూజులు.

చీట్లు వేసి రెండు మేకల్లో ఒకటి యెహోవాకు, ఒకటి అజాజేలుకు (ఎడారిలోకి పంపడానికి) అని తేల్చాక, తన కోసం ఎద్దును కోసేవాడు. ఆ రక్తం గడ్డకట్టకుండా ఒకడు కలుపుతూ నిలబడాలి. తర్వాత మూడు కాబులు (పాతకాలపు కొలత) పట్టే బంగారు నిప్పుల పళ్లెం కుడిచేత, ధూపద్రవ్యం ఉన్న గరిటె ఎడమచేత పట్టుకుని లోపలికి. అక్కడ గరిటెలోని పొడిని ఒలికించకుండా మళ్లీ దోసిట్లోకి తెచ్చుకోవాలి. ఆలయంలో కష్టమైన పనుల్లో ఇదొకటని మిష్నాకు వివరణగా వచ్చిన తాల్ముదు అంటుంది. రెండో ఆలయంలో మందసం లేదు, నేల నుంచి మూడు వేళ్ల ఎత్తున్న రాయి మీద నిప్పులు పెట్టేవాడు. ఆ ఎద్దు రక్తాన్ని పైకి ఒకసారి, కిందికి ఏడుసార్లు చల్లేవాడు. తప్పు పోకుండా 'ఒకటి, ఒకటీ ఒకటి, ఒకటీ రెండు' అని పైకే లెక్కపెట్టేవాడు.

ధూపం దగ్గరే ఆనాటి రెండు యూదు వర్గాల మధ్య అసలు తగవు. తెర బయటే నిప్పుల మీద వేసుకుని పొగతో లోపలికి వెళ్లాలని సద్దూకయ్యులు, లోపలే వేయాలని పరిసయ్యులు. లోపల ఎవరూ చూడరు. కాబట్టి 'చెప్పిందాంట్లో ఒక్కటీ మార్చను' అని ముందు రోజే పెద్దలు అతని చేత ఒట్టు వేయించుకునేవారు. అనుమానించినందుకు వాళ్లూ, అనుమానానికి గురైనందుకు అతనూ పక్కకు తిరిగి ఏడ్చేవారట.

యాజకుడి కాలికి తాడు కట్టేవారనీ, గంటల చప్పుడు ఆగితే చనిపోయాడని లాగేవారనీ మన ప్రసంగాల్లో తరచూ వినిపిస్తుంది. బైబిల్లో గానీ, జోసెఫస్‌లో గానీ, మిష్నాలో గానీ అది లేదు. తాడు సంగతి మధ్యయుగపు యూదు మార్మిక గ్రంథం జోహారులో కనిపిస్తుంది. పైగా గంటలు ఉండేది బంగారు వస్త్రాల్లోని నీలి నిలువుటంగీ అంచుకు. అతి పరిశుద్ధ స్థలంలోకి వెళ్లేది గంటలు లేని నార బట్టల్లో.

రోమా మీద తిరుగుబాటు నడుమ, క్రీ.శ. 67 ప్రాంతంలో, జెలోతులు అనే తిరుగుబాటు వర్గం వాళ్లు చీట్లు వేసి ఫన్నియా అనే పల్లెటూరి మనిషిని ఎన్నుకున్నారు. అతనికి ప్రధాన యాజకత్వమంటే ఏమిటో కూడా సరిగా తెలియదని, ఇష్టం లేకపోయినా లాక్కొచ్చి వస్త్రాలు తొడిగి ఎప్పుడేం చేయాలో చెప్పారని జోసెఫస్ రాశాడు. అతనే ఆఖరివాడు.