పాత బీబీసీ మైక్రో, కొత్త టీవీ

1981 చివర్లో కేంబ్రిడ్జ్‌లోని ఎకార్న్ కంపెనీ విడుదల చేసిన బీబీసీ మైక్రో మనకు మరీ పరాయిది కాదు. స్కూలు పిల్లలకు కంప్యూటర్ పరిచయం చేయడానికి 1984లో మొదలైన 'క్లాస్' పథకం కింద మన దేశంలోని స్కూళ్లకు వచ్చిన కంప్యూటర్ అదే. ఇప్పటికీ పనిచేసేవి ఉన్నాయి. చిక్కల్లా బొమ్మ ఎక్కడ చూడాలన్నదే.

దానికంటే ముందు పవర్ సప్లై సంగతి చూడాలి. అందులోని ఫిల్టర్ కెపాసిటర్ల పైతొడుగు ఇన్నేళ్లలో పగుళ్లిచ్చి తేమ పీల్చుకుంటుంది. కరెంటు ఇచ్చిన కాసేపటికే గది నిండా పొగ రావచ్చు. వాటిని మార్పించాకే ప్లగ్ పెట్టండి.

కంప్యూటర్ వెనకవైపు, బొమ్మ బయటికి పంపడానికి మూడు దారులున్నాయి. ఒకటి టీవీ యాంటెన్నా సాకెట్‌కి వెళ్లేది, రెండోది వీడియో, మూడోది ఆరు పిన్నుల గుండ్రటి ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) సాకెట్. చాలామంది వీడియో సాకెట్‌కి పాత వీడియో సిగ్నల్‌ని కొత్త టీవీల హెచ్‌డీఎంఐలోకి మార్చే చవక ఏవీ-టు-హెచ్‌డీఎంఐ డబ్బా తగిలిస్తారు. బొమ్మ వస్తుంది. కానీ మామూలుగా నలుపు తెలుపుల్లోనే. రంగు కావాలంటే బోర్డు మీద ఒక లింకు కలపాలి. కలిపారా, 80 అక్షరాల వరుస అలుక్కుపోతుంది!

ఎందుకంటే వరుసకు 80 అక్షరాలు చూపే ఆ మోడ్‌లో (తెర అమరికలో) గీతకు 640 చుక్కలు. వాటిని గీయడానికి ఉన్న సమయం సెకనుని పది లక్షల భాగాలు చేస్తే అందులో 40 మాత్రమే. అంటే సెకనుకు కోటీ అరవై లక్షల చుక్కల వేగం. మన పాత టీవీలు వాడే 'పాల్' రంగు పద్ధతిలో రంగు సమాచారం 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర, వెలుగు సమాచారంతో పాటే ఒకే తీగలో వస్తుంది. సన్నటి చుక్కల్లో ఏది అక్షరమో ఏది రంగో టీవీ తేల్చుకోలేదు. యాంటెన్నా దారిలో ఇదే సిగ్నల్‌ని మళ్లీ రేడియో తరంగం మీద ఎక్కిస్తారు కాబట్టి ఇంకా అధ్వాన్నం.

ఆర్‌జీబీలో ఈ కలపడం, విడదీయడం ఉండవు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ వేరు తీగల్లో వస్తాయి. ఒక్కోటీ వెలగడమో ఆరడమో, అంతే. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. బీబీసీ మైక్రోకి ఎనిమిదే రంగులు ఉండటానికి కారణం ఇదే.

అలాగని ఈ ఆర్‌జీబీ సాకెట్‌ని వీజీఏ (పీసీల పాతరకం) మానిటర్‌కి నేరుగా కలపలేం. కంప్యూటర్ సెకనుకు 15,625 గీతలు పంపుతుంది, మానిటర్ 31 వేలకు తక్కువైతే ఒప్పుకోదు. ప్రతి గీతనీ జ్ఞాపకం పెట్టుకుని రెట్టింపు వేగంతో రెండుసార్లు పంపే లైన్ డబ్లర్లు అందుకే వచ్చాయి.

నా ఓటు మాత్రం రాస్ప్‌బెర్రీ పై జీరో అనే బుల్లి కంప్యూటర్ మీద నడిచే 'ఆర్‌జీబీ టు హెచ్‌డీఎంఐ' బోర్డుకే. మూడు తీగల్లో వచ్చేది ఎలాగూ సున్నా, ఒకటే కదా. అది ఒక్కో చుక్కనూ సరిగ్గా దాని సమయానికి చదివి, అలాగే హెచ్‌డీఎంఐలోకి పంపిస్తుంది. ఊహించాల్సిన పని లేదు, అక్షరం అంచు చెదరదు.

వీడియో దారిలోనే వెళ్లేవాళ్లకు ఒక చిట్కా. బొమ్మ సన్నగా వణుకుతుంటే స్టార్ గుర్తు కొట్టి, ఇంగ్లిష్‌లో TV 0,1 అని (*TV 0,1) టైప్ చేసి మోడ్ మార్చండి. ఇంటర్‌లేస్ (గీతలను ఒకటి విడిచి ఒకటి గీసే పద్ధతి) ఆగిపోతుంది. మోడ్ 7కి మాత్రం ఇది వర్తించదు. ఏ దారైనా టీవీ సెట్టింగ్స్‌లో 4:3 పెట్టుకోండి, లేకపోతే వృత్తాలన్నీ కోడిగుడ్లే.