బ్రసేరోలు వెళ్లిపోయాక టమాటా ఎవరు కోశారు?

1964 డిసెంబర్ 31తో అమెరికాలో ఒక ఒప్పందం ముగిసింది. 1942 నుంచి ఆ ఒప్పందం మీదే మెక్సికో కూలీలు సీజన్‌కి వచ్చి పొలం పనులు చేసి వెళ్లేవాళ్లు. వాళ్లని బ్రసేరోలు అనేవారు. స్పానిష్‌లో బ్రాసో అంటే చెయ్యి. మన మాటలో రెక్కల కష్టం మీద బతికేవాళ్లన్నమాట. వీళ్లు తక్కువ కూలికి ఒప్పుకుని మా కడుపు కొడుతున్నారని అక్కడి కార్మిక సంఘాలు గట్టిగా వాదించాయి. ప్రభుత్వమూ అదే నమ్మింది. వీళ్లు రాకుంటే స్థానికులకు పని దొరుకుతుంది, కూలి పెరుగుతుంది అని లెక్క.

ఆ లెక్కలో తప్పేమీ కనిపించదు. రైతుబజారుకి సరుకు తక్కువొస్తే రేటు పెరుగుతుంది, మనుషులు తగ్గితే కూలీ అంతేగా.

మైకేల్ క్లెమెన్స్, ఈథన్ లూయిస్, హానా పోస్టెల్ అనే పరిశోధకులు ఆనాటి కూలి రికార్డులన్నీ తిరగేసి 2018లో ఫలితం ప్రచురించారు. బ్రసేరోలు ఎక్కువగా పనిచేసిన రాష్ట్రాలనూ, అసలు లేని రాష్ట్రాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. కూలి రెండు చోట్లా పెరిగింది. బ్రసేరోలు వెళ్లిపోయిన చోట అదనంగా పెరిగిందేమీ లేదు. స్థానికులకు అదనంగా పనులూ రాలేదు.

మరి ఆ పని ఎవరు చేశారు? కాలిఫోర్నియా టమాటా చేలోకి వెళ్లి చూడాలి. కెచప్‌కి పోయే టమాటాని అప్పటిదాకా చేత్తోనే కోసేవారు. కాయలన్నీ ఒక్కసారి పండవు కాబట్టి అదే చేలో మళ్లీ మళ్లీ తిరగాలి. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జాక్ హానా ఏళ్ల తరబడి ఒక కొత్త రకం కోసం కష్టపడ్డాడు. కాయలు ఇంచుమించు ఒకేసారి పండాలి, మిషన్‌లో పడ్డా చితకకూడదు. కోబీ లోరెంజెన్ దానికి తగ్గ మిషన్ తయారుచేశాడు. అది మొక్కని మొదలుకంటా కోసి పైకి లాక్కుని, కుదిపి కాయలు రాలుస్తుంది. మిషన్ మీదే నిలబడ్డ కూలీలు పచ్చివీ పాడైనవీ ఏరేస్తారు. కూలీలు దొరికినన్నాళ్లూ దాన్ని వాడిన రైతులు చాలా తక్కువ. 1960ల చివరికొచ్చేసరికి అక్కడ కెచప్ టమాటా దాదాపు మొత్తం మిషన్‌తోనే కోశారు. స్ట్రాబెర్రీ లాంటి పంటలకి అలాంటి మిషన్ లేదు, వాటిని పండించడమే తగ్గించారు. కూలి పెంచడమనేది రైతుకున్న దారుల్లో ఒకటి మాత్రమే.

ఫ్లోరిడాలోని మయామీ నగరంలో దీనికి రివర్స్‌లో జరిగింది. 1980లో కొద్ది నెలల్లోనే క్యూబాలోని మారియెల్ రేవు నుంచి సుమారు 1,25,000 మంది పడవల్లో ఫ్లోరిడా చేరారు. మయామీలో పనివాళ్ల సంఖ్య ఒక్కసారిగా 7 శాతం పెరిగింది. అయినా పెద్దగా చదువులేని స్థానికుల జీతాలు అట్లాంటా, హ్యూస్టన్ లాంటి నగరాలతో పోలిస్తే దిగజారలేదని 1990లో ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ తేల్చాడు. ఆయనకి 2021లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. వచ్చినవాళ్లూ తింటారు, ఇల్లు అద్దెకు తీసుకుంటారు, జుట్టు కత్తిరించుకుంటారు. ఆ ఖర్చు ఇంకొకరికి పని అవుతుంది.

ఇంకో ఆర్థికవేత్త జార్జ్ బోర్హాస్ దీనితో ఏకీభవించలేదు. ఆయన పుట్టింది క్యూబాలోనే. హైస్కూల్ పూర్తిచేయని మగవాళ్లను మాత్రం విడదీసి చూస్తే జీతాలు బాగా పడిపోయాయన్నాడు. సర్వేలో ఆ గుంపు మరీ చిన్నది, ఎవరిని కలుపుకున్నామన్నదాన్ని బట్టి జవాబు మారిపోతోంది అని మిగతావాళ్లు ఎదురు చెప్పారు. నాకు కార్డ్ లెక్కే గట్టిగా అనిపిస్తుంది. కానీ బోర్హాస్ ప్రశ్నని కొట్టిపారేయలేం, సగటు బాగున్నంత మాత్రాన అందరూ బాగున్నట్టు కాదు. అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీల 2016 నివేదిక కూడా దీర్ఘకాలంలో మొత్తం జీతాల మీద ప్రభావం చాలా స్వల్పమంటూనే, దెబ్బ తగిలేదెవరికో చెప్పింది: అంతకుముందు వలసొచ్చినవాళ్లకి, హైస్కూల్ దాటనివాళ్లకి. కొత్తగా వచ్చినవాళ్లు చేసేది ఎక్కువగా వాళ్ల పనే మరి.

తెలంగాణలో వరినాట్లకి ఇప్పుడు బిహార్, పశ్చిమ బెంగాల్ నుంచి ముఠాలు వస్తున్నాయి. వాళ్లు రాకపోతే ఊళ్లో ఆడవాళ్లకి నాటు కూలి పెరగొచ్చు. కానీ కోత ఇప్పటికే మిషన్ చేతికి పోయింది. నాటు మిషన్లూ వచ్చాయి, అసలు నాటే వేయకుండా విత్తనం వెదజల్లే రైతులూ ఉన్నారు.