దేశమంతా బెదిరిపోతే కడుపులో బిడ్డకేమవుతుంది?

ప్రియమైన పిల్లలూ,

ముందు ఒక లెక్క చెప్తాను. స్కాన్‌లో చూసి ఆడపిల్లని తీయించుకునే పాడుపని లేనిచోట, 100 మంది ఆడపిల్లలకు సుమారు 105 మంది మగపిల్లలు పుడతారు. ఏళ్ల తరబడి పెద్దగా కదలని లెక్క ఇది. 2001 సెప్టెంబరు 11 దాడులు జరిగిన నాలుగు నెలలకు, 2002 జనవరిలో, న్యూయార్క్ నగరంలో ఈ లెక్క తప్పింది. మగపిల్లల వాటా పడిపోయింది. దాడి రోజున ఆ పిల్లలంతా తల్లి కడుపులో ఐదో నెలలో ఉన్నవాళ్లు.

మీసం మెలేసేవాళ్లకు నచ్చదు గానీ, కడుపులో ఉన్నప్పుడు మగబిడ్డే నాజూకు. తల్లి బాగా బెదిరితే ఆమె రక్తంలో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. మాయ దాన్ని చాలావరకు అడ్డుకుంటుంది, పూర్తిగా కాదు. అలాంటి సమయంలో బలహీనమైన పిండాలు నిలవడం కష్టమని, ఇది తల్లికి తెలియకుండా శరీరం తనంతట తాను చేసే పని అని రాల్ఫ్ కాటలానో వంటి పరిశోధకుల వాదన.

కవలలైతే భారం ఇంకా ఎక్కువ కదా. 2011 జులై 22న నార్వేలో ఒకే ఒక్కడు 77 మందిని చంపాడు. చనిపోయినవాళ్లలో చాలామంది పడుచు వయసు ఆడపిల్లలు, మగపిల్లలే. చిన్న దేశం, అందరికీ గుండె పగిలింది. అప్పటికి కడుపులో ఉండి తర్వాత పుట్టిన మగపిల్లల్లో కవలలు ఎంతమంది అని కాటలానో బృందం లెక్క తీస్తే, ఉండాల్సినదానికంటే తక్కువ తేలారు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం కాలిఫోర్నియా సంగతి. సెప్టెంబరు 11 దాడులు జరిగింది అమెరికాకి ఆ చివర. అయినా తర్వాతి ఆరు నెలల్లో, అక్కడ అరబ్బు పేర్లున్న తల్లులకు తక్కువ బరువుతో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు పెరిగారు. మిగతా తల్లుల్లో ఆ పెరుగుదల కనిపించలేదు. వాళ్లని భయపెట్టింది దాడులకంటే చుట్టూ ఉన్నవాళ్ల చూపులేనేమో.

ఇవన్నీ వేల కాన్పులు కలిపి చూస్తే తప్ప కనిపించని తేడాలు. ఎవరికో కవలలు నెలలు నిండకుండా పుడితే, "టీవీ ముందు కూర్చుని టెన్షన్ పడింది, అందుకే" అనే పెద్దలు మీకు తగులుతారు. నమ్మకండి. ఏ టెన్షనూ లేకపోయినా కవలల్లో సగానికి పైగా 37 వారాలలోపే పుట్టేస్తారని అమెరికా లెక్కలు చెప్తున్నాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఏ గుణం పుట్టుకతో వచ్చింది, ఏది పెంపకంతో వచ్చింది అని తేల్చడానికి కవలల్ని పోల్చి చూస్తారు. గడ్డుకాలాన్ని కడుపులోనే దాటుకుని పుట్టిన కవలలు గట్టివాళ్లు మాత్రమే మిగిలిన గుంపు కావచ్చు. వాళ్లని మామూలు ఏడాది కవలలతో కలిపేస్తే లెక్క పక్కకి పోతుంది. మీలో ఎవరైనా రేపు ఆ పరిశోధనకి వెళ్తే, ముందు పుట్టిన సంవత్సరం చూడండి.

మీ అమ్మమ్మ