ఇండికేటర్ ఆరకపోతే తప్పు స్విచ్‌దేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో స్టీరింగ్, అలైన్‌మెంట్ పనులు చేసే నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఒకే కథ చెబుతారు. కుడి ఇండికేటర్ మలుపు తిరిగాక తనంతట తాను ఆరడం లేదని, ఇండికేటర్ లివర్ ఉండే కాంబినేషన్ స్విచ్ పోయిందంటే కొత్తది వేయించామని, అయినా ఫలితం లేదని వాపోతారు. అంతా అయ్యాక, దీనికీ దానికీ సంబంధం లేదన్నట్టుగా, "స్టీరింగ్ కూడా కొంచెం క్రాస్‌గా ఉంటోందండీ" అంటారు. ఆ మాట మొదటి మెకానిక్‌కే చెప్పి ఉంటే, ఆయన విని ఉంటే, స్విచ్ డబ్బులు మిగిలేవి.

అపోహ: ఇండికేటర్ ఆరకపోతే స్విచ్ మార్చవలసిందే.

వాస్తవం: స్విచ్‌లో చిన్న కొక్కెం ఒకటి ఉంటుంది. స్టీరింగ్ వెనుక, దానితోపాటే తిరిగే క్యామ్, అంటే కొన ఉన్న చిన్న ముక్క, ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో చాలావరకు అది స్టీరింగ్ వెనుక తీగ చుట్టి ఉండే క్లాక్ స్ప్రింగ్‌కే అమరి ఉంటుంది. మలుపు పూర్తయి స్టీరింగ్ వెనక్కి వస్తున్నప్పుడు ఆ క్యామ్ కొన కొక్కేన్ని నెట్టి లివర్‌ను మధ్యకు తెస్తుంది. కారు తిన్నగా వెళుతున్నప్పుడే స్టీరింగ్ ఎడమకు ఒరిగి ఉందంటే, క్యామ్ కూడా అంతే ఒరిగి ఉందన్నమాట. అప్పుడు ఎడమ ఇండికేటర్ కొద్దిపాటి కదలికకే ఆరిపోతుంది, కుడిది చిన్న మలుపులకు ఆరదు. స్విచ్ ఎన్నిసార్లు మార్చినా ఈ లెక్క మారదు.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. ఖాళీగా, చదునుగా ఉన్న రోడ్డుపై కారు తిన్నగా పోతున్నప్పుడు స్పోకులు ఎటు ఒరిగి ఉన్నాయో చూసుకోండి. తరువాత బండి ఆపి, ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, స్పోకులు సమంగా ఉండేలా స్టీరింగ్‌ను తిప్పి, సరిగ్గా పైభాగాన ఒక కాగితపు టేపు ముక్క అంటించండి. కుడి ఇండికేటర్ వేసి నెమ్మదిగా కుడికి తిప్పితే ఒకచోట 'టక్'మని వినిపిస్తుంది. టేపు ఎంత దూరం జరిగాక వినిపించిందో గుర్తుంచుకుని ఎడమకూ అలాగే చేయండి. రెండువైపులా దూరం సమానంగా ఉండి, వెనక్కి తిప్పినప్పుడు రెండు ఇండికేటర్లూ ఆరుతుంటే, స్విచ్ బాగుంది, సరిచేయవలసింది టై రాడ్లను, అంటే స్టీరింగ్ కదలికను ముందు చక్రాలకు అందించే కడ్డీలను. స్పోకులు రోడ్డుపై సమంగానే ఉండి కూడా ఒకవైపు ఆరకపోతే, అప్పుడు కొక్కేన్నో క్యామ్‌నో అనుమానించాలి.

ఇంతకంటే ఖరీదైన అపోహ ఇంకొకటి ఉంది: స్టీరింగ్ క్రాస్‌గా ఉంటే ఊడదీసి, స్ప్లైన్‌పై (స్టీరింగ్ కూర్చునే కడ్డీ మీది పళ్లపై) ఒక పన్ను జరిపి, తిన్నగా బిగిస్తే సరిపోతుందని. ఎయిర్‌బ్యాగులు లేని రోజుల్లో ఇది చెల్లిపోయేది. 2019 జూలై నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటిలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. దానికి కరెంటు వెళ్లేది క్లాక్ స్ప్రింగ్‌లో చుట్టి ఉన్న రిబ్బను లాంటి తీగ గుండానే. స్టీరింగ్ ఊడదీసి ఉన్నప్పుడు పనికుర్రాడు దాన్ని వేలితో ఒక చుట్టు తిప్పాడంటే, దాని కేంద్రం తప్పినట్టే; ఆపై స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఆ తీగ తెగవచ్చు.

ఒక రిటైర్డ్ మాష్టారి కారు విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. టైర్లు మార్పించిన చోట చేసిన అలైన్‌మెంట్‌తో స్టీరింగ్ ఎడమకు ఒరిగింది. మొదటివారు స్విచ్ మార్చారు. రెండోవారు స్టీరింగ్ ఊడదీసి తిన్నగా బిగించారు. రెండు రోజుల తరువాత అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రివర్స్ చేస్తూ పూర్తిగా కుడికి తిప్పినప్పుడు లోపల ఏదో తెగినట్టు చప్పుడైంది. హారన్ మూగబోయింది, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది. "బాబూ, నడుస్తుండగా స్టీరింగ్ చేతికి ఊడి వస్తుందా?" అని ఆయన అడిగినప్పుడు ఆ గొంతులో వణుకు విని నాకు బాధ కలిగింది. ఊడి రాదని, అయితే ప్రమాదం జరిగితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు కనుక ఇది తేలే వరకు బండి తీయవద్దని చెప్పాను.

అసలు తప్పు చక్రాల దగ్గర దొరికింది. ఒకవైపు టై రాడ్ లాక్ నట్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. దానితో కుస్తీ పట్టడం ఇష్టంలేక, రెండోవైపు మాత్రమే తిప్పి టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, సరిపెట్టేశారు. మిషన్ తెరపై అంకెలన్నీ పచ్చగానే వచ్చి ఉంటాయి; మొత్తం టో సరిపోయింది మరి, తప్పింది స్టీరింగ్ కేంద్రం. బ్యాటరీ నెగెటివ్ తీసి, కొద్ది నిమిషాలు ఆగి, కొత్త క్లాక్ స్ప్రింగ్‌ను దాని గుర్తుల ప్రకారం కేంద్రంలో పెట్టి, స్టీరింగ్‌ను పాత స్థానంలోనే బిగించాను. తరువాత ఒక టై రాడ్‌ను ఎంత పొడిగించానో రెండోదాన్ని అంతే కుదించాను. అలా చేస్తే టో చెదరదు, స్టీరింగ్ మాత్రం కేంద్రానికి వస్తుంది. స్టీరింగ్ ఎంత తిరిగిందో కొలిచే యాంగిల్ సెన్సర్ ఉన్న కార్లలో ఆ తరువాత స్కానర్‌తో దాని సున్నా కూడా సరిచేయాలి.

గుంతలో పడిన మరుక్షణం నుంచి స్టీరింగ్ ఒరిగితే మాత్రం కథ వేరు. టై రాడ్ గానీ, చక్రాన్ని బండికి కలిపే లోయర్ ఆర్మ్ గానీ వంగిందేమో చూడకుండా అలైన్‌మెంట్ మిషన్ ఎక్కించడం దండగ. ఒరగడంతోపాటు స్టీరింగ్ వదులుగా ఆడుతూ కటకటమంటుంటే ఆ బండిని నడపకండి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. ఇండికేటర్ ఒకవైపు మాత్రమే గబగబా కొట్టుకుంటే దాన్ని వెలిగిస్తూ ఆర్పే రిలే పోయిందని పరుగెత్తకండి. ముందు ఆ వైపు బల్బు కాలిందేమో చూడండి. మామూలు బల్బు తీసి ఎల్ఈడీ పెట్టినా, కరెంటు తక్కువ లాగడం వల్ల చాలా బండ్లలో అలాగే కొట్టుకుంటుంది. వేగం 80 కి.మీ. దాటాక స్టీరింగ్ వణికితే ముందు చేయించవలసింది చక్రాల బరువు సమంచేసే బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ కాదు. బండి ఎడమకు లాగుతోందని వచ్చేవారికి నేను మొదట ముందు టైర్లను అటుదిటు మార్చి చూపిస్తాను. లాగే దిక్కు కూడా మారితే తప్పు టైరుదే. అయితే డైరెక్షన్ బాణం గుర్తున్న టైర్లను ఇలా మార్చకూడదు. నీళ్లు జారడానికి మన రోడ్లు అంచువైపు వాలుగా ఉంటాయి కనుక, కొద్దిగా ఎడమకు లాగడం జబ్బే కాదు.