టెర్మినల్లో రంగు అక్షరాలు: అపోహలు, వాస్తవాలు

పలాస-కాశీబుగ్గలో కొన్ని జీడిపప్పు ఫ్యాక్టరీలకీ, శ్రీకాకుళం బజారులో కొన్ని షాపులకీ కంప్యూటర్ల పని నేనే చూస్తుంటాను. రాత్రి బ్యాకప్, పొద్దున్న స్టాకు లెక్క, బిల్లుల ఫైళ్ళు సర్దడం, ఇవన్నీ చిన్న చిన్న స్క్రిప్టులతో, అంటే వరసగా కమాండ్లు రాసి పెట్టుకున్న ఫైళ్ళతో, నడుస్తాయి. వాటి ఫలితం చదివేది పొద్దున్నే తాళం తీసి కూర్చునే గుమాస్తా. స్క్రీను నిండా ఉన్న లైన్లలో ఒక్కటి ఎర్రగా కనిపిస్తే ఆయన కన్ను దాని మీదే ఆగుతుంది, వెంటనే ఫోన్ వస్తుంది. ఆ ఒక్క ఎర్ర లైను విలువ నాకు తెలుసు కాబట్టి, దాని మీద మా పిల్లల్లో తిరిగే పొరపాటు నమ్మకాలు చూస్తే ఊరుకోలేను. పని నేర్చుకోడానికి వచ్చేవాళ్ళు అడిగే ప్రశ్నల్లోంచే ఇవన్నీ తీశాను.

కోడు ముక్కల్లో వచ్చే ఇంగ్లీషు అక్షరాల్ని ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. మీరు టైపు చేసేటప్పుడు మామూలుగా చిన్న బడి అక్షరాలే కొట్టాలి.

అపోహ: రంగు ఇచ్చేది పైథాన్. బాష్‌లో అయితే బాష్.

వాస్తవం: పైథాన్ స్క్రిప్టులు రాసే ఒక భాష; బాష్ ఒక షెల్లు, అంటే మనం కొట్టే కమాండ్లని నడిపే ప్రోగ్రాం, దానిలోనూ స్క్రిప్టులు రాస్తాం. ఏ భాషా రంగు ఇవ్వదు. స్క్రిప్టు బైట్లు, అంటే అక్షరాలకి గుర్తుగా ఉండే అంకెలు, పంపుతుంది; రంగు వేసేది టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టి ఫలితాలు చదివే కిటికీ. వచ్చే బైట్లలో 27వ నంబరుది, అంటే ఎస్కేప్, కనబడగానే టెర్మినల్ అక్షరాలు అచ్చు వేయడం ఆపి, తర్వాత వచ్చేదాన్ని ఆజ్ఞగా చదువుతుంది. ఎస్కేప్ వెనక ఎడమ చదరపు బ్రాకెట్, ఆపైన అంకెలు, చివర ఎమ్. 31 పెట్టి ఎమ్ కొడితే అక్కణ్ణించి ఎరుపు. 0 పెట్టి ఎమ్ కొడితే మళ్ళీ మామూలు, దీన్నే రీసెట్ అంటాం. అంతే సంగతి.

అంకెలు బట్టీ పట్టక్కర్లేదు, వాటిలో లెక్క ఉంది. అక్షరం రంగులు 30 నుంచి 37 వరకు. చివరి అంకెలో 1 ఎరుపుకి, 2 ఆకుపచ్చకి, 4 నీలానికి. ఎరుపూ ఆకుపచ్చా కలిస్తే 3, అది పసుపు. ఎరుపూ నీలం కలిస్తే 5, మెజెంటా. ఆకుపచ్చా నీలం కలిస్తే 6, సయాన్. మూడూ కలిస్తే 7, తెలుపు. ఏదీ లేకపోతే 0, నలుపు. 30కి బదులు 40 పెడితే అదే రంగు అక్షరం వెనక పడుతుంది. 90 నుంచి 97 వరకు ఉన్నవి ఇవే రంగుల మెరుపు రకాలు. ఇది ఒకసారి బోర్డు మీద రాసి చూపిస్తే పదో తరగతి పిల్లలు కూడా పట్టేస్తారు.

ఈ పద్ధతికి వయసు చాలా ఉంది. ఈ వరసలు ఎలా ఉండాలో చెప్పే ఎక్మా-48 అనే ప్రమాణం మొదటి కూర్పు 1976లో వచ్చింది. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తెచ్చిన వీటీ100 టెర్మినల్‌తో ఈ ఎస్కేప్ వరసలు అందరికీ అలవాటయ్యాయి. చిత్రమేమంటే వీటీ100కి రంగులే లేవు. లావు అక్షరం, కింద గీత, మినుకు మినుకు, తిరగేసిన వెలుగు మాత్రమే ఉండేవి. ఇప్పుడు మన ల్యాప్‌టాపులో తెరిచే టెర్మినల్ కిటికీ అలాంటి పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామే.

భాషల మధ్య తేడా ఒక్కటే: ఆ 27వ బైటుని ఎలా రాయాలన్నది. ఎనిమిది మూలంగా (ఆక్టల్) రాస్తే \033, పదహారు మూలంగా (హెక్సాడెసిమల్) రాస్తే \ఎక్స్1బి. పైథాన్‌కి రెండూ తెలుసు గానీ, బాష్‌లో అలవాటైన ‘\ఇ’ అక్కడ పనిచేయదు. జావాస్క్రిప్ట్ స్ట్రిక్ట్ మోడ్‌లో \033 రాస్తే సింటాక్స్ తప్పంటుంది, పదహారు మూలంగానే రాయాలి. ఎలా రాసినా టెర్మినల్‌కి చేరేది మాత్రం అదే ఒక్క బైటు.

అపోహ: 31 అంటే అందరికీ ఒకే ఎరుపు.

వాస్తవం: 31 అంటే ‘నీ పెట్టెలో ఎరుపు అని రాసి ఉన్న గడిలోది తియ్యి’ అని మాత్రమే. ఆ గడిలో ఏముందో టెర్మినల్ థీమ్, అంటే దాని రంగుల అమరిక, చెప్పాలి. కిటికీలు లేని లైనక్స్ కన్సోల్‌లో 33 కొడితే వచ్చేది మట్టి రంగు. అదే ఎక్స్‌టర్మ్ అనే టెర్మినల్ ప్రోగ్రాంలో పసుపు. సోలరైజ్డ్ అనే థీమ్ వాడేవాళ్ళ దగ్గర 92 కొట్టి మెరిసే ఆకుపచ్చ వస్తుందనుకుంటే బూడిద రంగు వస్తుంది, ఎందుకంటే ఆ థీమ్ మెరుపు గడుల్లో చాలావాటిని బూడిద ఛాయలకి వాడుకుంది. తెల్ల నేపథ్యం మీద పసుపు అక్షరం, నల్ల నేపథ్యం మీద ముదురు నీలం, రెండూ చదవలేం. ఫ్యాక్టరీలో కిటికీ వెలుతురు నేరుగా పడే మానిటర్ మీదైతే ఇంకా కష్టం. మరొకరు చదివే స్క్రిప్టులో నేను 34ని వాడను, నేపథ్యం రంగుని ముట్టుకోను.

అపోహ: ఎక్కువ రంగులుంటే ఎక్కువ అర్థమవుతుంది.

వాస్తవం: 256 రంగుల పట్టిక ఉంది, ఒక్కోదానికి 0 నుంచి 255 దాకా ఎరుపు-ఆకుపచ్చ-నీలం చెప్పే పూర్తి రంగు పద్ధతీ ఉంది. 256లో మొదటి 16 మామూలువి, తర్వాత ఆరు ఆర్లు ముప్ఫయ్యారు, మళ్ళీ ఆర్లు 216, చివర 24 బూడిద ఛాయలు. 38;5;208 కొట్టి ఎమ్ పెడితే నారింజ వస్తుంది. సరదాకి బాగుంటాయి. బ్యాకప్ స్క్రిప్టుకి మూడు రంగులు చాలు.

అపోహ: ‘ఎకో -ఇ’ రాస్తే ఎక్కడైనా రంగొస్తుంది.

వాస్తవం: ‘ఎకో’ అంటే ఇచ్చిన మాటల్ని అచ్చు వేసే కమాండు. "సార్, ఇదేటండీ, రంగొచ్చింది గానీ ముందు ‘-ఇ’ కూడా వచ్చీసింది?" అని ఒక కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. అతని స్క్రిప్టు మొదటి లైను ‘ఎస్‌హెచ్’ని పిలుస్తోంది. ఉబుంటులో 2006 నుంచీ ఎస్‌హెచ్ అంటే డాష్ అనే ఇంకో షెల్లు, బాష్ కాదు. డాష్‌లోని ఎకోకి ‘-ఇ’ అనే ఆప్షనే లేదు, దాన్నీ మాటల్లో ఒకటిగా అచ్చు వేస్తుంది. \033ని మాత్రం ఆప్షన్ లేకుండానే అర్థం చేసుకుంటుంది. ఎకో ఒక్కో షెల్లులో ఒక్కోలా నడుస్తుంది కాబట్టి అచ్చు వేసే ఇంకో కమాండు ‘ప్రింట్ఎఫ్’ వాడండి, ఎస్కేప్‌ని \033గా రాయండి. ఆ జోడీ బాష్‌లోనూ డాష్‌లోనూ ఒకేలా పనిచేస్తుంది.

అపోహ: స్క్రీను మీద బాగుంది కదా, ఫైల్లోకి పంపినా బాగుంటుంది.

వాస్తవం: ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఫైలుకి రంగు తెలియదు. ఆజ్ఞ బైట్లన్నీ అందులో అలాగే కూర్చుంటాయి. ఆ లాగ్‌ని, అంటే ఫలితాలు రాసుకున్న ఫైలుని, ఎడిటర్‌లో తెరిస్తే ప్రతి లైనులో టోపీ గుర్తు, బ్రాకెట్లు, 31, 0 కనిపిస్తాయి. అది కంటికి మాత్రమే ఇబ్బంది. అసలు ఇబ్బంది వెతుకులాటలో వస్తుంది: ‘తప్పు: డిస్కు’ అని గ్రెప్ (ఫైల్లో మాటలు వెతికే కమాండు) చేస్తారు, స్క్రిప్టు ‘తప్పు:’ ఒక్కదానికే ఎరుపు వేసి మధ్యలో రీసెట్ పెట్టి ఉంటుంది, రెండు మాటల మధ్యా ఎస్కేప్ వరస అడ్డం ఉంటుంది, గ్రెప్‌కి ఏదీ దొరకదు. తప్పులేమీ లేవనుకుని ఫైలు మూసేస్తారు.

రంగు వేసే ముందు అవతల ఎవరున్నారో అడగాలి. షెల్లులో ‘టెస్ట్ -టి 1’ అనే చిన్న పరీక్ష ఉంది, ఇక్కడ 1 అంటే మామూలు అవుట్‌పుట్ వెళ్ళే దారి. అవుట్‌పుట్ టెర్మినల్‌కి వెళ్తుంటేనే అది నిజమంటుంది, ఫైలుకో, పైపు ద్వారా ఇంకో ప్రోగ్రాముకో వెళ్తుంటే కాదంటుంది. పైథాన్‌లో ఆ పని చేసేది ఐజ్ఏటీటీవై. ఎల్ఎస్, గ్రెప్, గిట్ అనే కమాండ్లలో రంగుని ‘ఆటో’లో పెడితే లోపల జరిగేది ఇదే పరీక్ష. తప్పు సందేశాలు రెండో దారిలో, అంటే ఎస్‌టీడీఎర్ర్‌లో పంపుతుంటే 1కి బదులు 2ని పరీక్షించాలి, ఇది చాలామంది మర్చిపోతారు. ఇంకొక మర్యాద కూడా ఉంది: వాడేవాళ్ళు ‘నో_కలర్’ అని, అన్నీ పెద్ద బడి అక్షరాల్లో, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రాములన్నీ చదవగలిగే సెట్టింగు) పెట్టుకుంటే, అందులో ఏ విలువ ఉన్నా సరే, ఖాళీగా లేకపోతే చాలు, ప్రోగ్రాం రంగు మానెయ్యాలి. 2017లో ఒక సూచనగా మొదలైంది, ఇప్పుడు చాలా ప్రోగ్రాములు పాటిస్తున్నాయి. మీ స్క్రిప్టులో దానికి ఒక్క షరతు చాలు.

ఇక క్రాన్, అంటే చెప్పిన టైముకి స్క్రిప్టుని దానంతటదే నడిపే ప్రోగ్రాం. రాత్రి రెండింటికి నడిచే బ్యాకప్‌కి టెర్మినల్ ఉండదు. అందులో రంగు వరసలు ఇచ్చే ‘టీపుట్’ అనే కమాండుతో రంగులు తెచ్చుకుంటే, అది టెర్మినల్ రకం రాసి ఉండే టర్మ్ (పెద్ద బడి అక్షరాల్లో) అనే వేరియబుల్ కోసం చూస్తుంది, దొరకదు, తప్పుతో బయటపడుతుంది. స్క్రిప్టు పైన, తప్పు రాగానే ఆగిపొమ్మనే ‘సెట్ -ఇ’ కూడా ఉంటే రంగు తెచ్చుకునే ఆ లైను దగ్గరే మొత్తం స్క్రిప్టు ఆగిపోతుంది. బ్యాకప్ మొదలే కాదు. చేత్తో నడిపితే మాత్రం చక్కగా నడుస్తుంది, అందుకే కారణం పట్టుకోవడం కష్టం. టీపుట్ మంచి సాధనమే, టెర్మినల్ రకాన్ని బట్టి సరైన వరస ఇస్తుంది; కానీ దాన్ని టెర్మినల్ పరీక్ష లోపల పెట్టండి, ఒకసారి పిలిచి వేరియబుల్లో దాచుకోండి. ప్రతి లైనుకీ పిలిస్తే ప్రతిసారీ కొత్త ప్రాసెస్ పుడుతుంది.

ఇప్పటికే పాడైన లాగ్ ఉంటే ‘క్యాట్ -వి’తో చూడండి, దాగి ఉన్న బైట్లు బయటపడతాయి. రంగులతోనే చదవాలంటే ‘లెస్ -ఆర్’, ఇక్కడ ఆర్ పెద్ద బడి అక్షరం.

అపోహ: విండోస్‌లో ఇవేవీ పనిచేయవు.

వాస్తవం: ఒకప్పటి మాట. 1983లో వచ్చిన డాస్ 2.0లోనే ఆన్సి.సిస్ అనే డ్రైవర్ పెట్టుకుంటే ఇవి పనిచేసేవి. తర్వాతి విండోస్ కన్సోల్‌లో చాలా ఏళ్ళు ఆ వసతి లేక పిచ్చి గీతలు కనిపించేవి. విండోస్ 10లో మళ్ళీ వచ్చింది. పాత కన్సోల్ కిటికీలో మాత్రం ప్రోగ్రామే ఆ మోడ్‌ని ముందుగా ఆన్ చేయాలి. పైథాన్‌లో కలరామా అనే లైబ్రరీ ఆ పని చూసుకుంటుంది.

అపోహ: స్క్రిప్టు అయిపోగానే రంగు దానంతటదే పోతుంది.

వాస్తవం: పోదు. టెర్మినల్‌కి మీ స్క్రిప్టు ఎప్పుడు ముగిసిందో తెలియదు. తిప్పి వదిలేసిన కుళాయిలా ఆ రంగు కారుతూనే ఉంటుంది. తర్వాత కొట్టిన కమాండ్లూ ఎర్రగానే వస్తాయి. మధ్యలో ఎవరైనా కంట్రోల్-సి కొట్టినా ఇదే గతి. బాష్ స్క్రిప్టులో ‘ట్రాప్’ అనే కమాండు పెట్టి, ఎగ్జిట్ అప్పుడు, అంటే స్క్రిప్టు ముగిసేటప్పుడు, ఎస్కేప్ వరసలో 0, ఎమ్ పంపేలా రాసుకోండి. అలాగే బాష్ ప్రాంప్ట్‌లో, అంటే కమాండు కొట్టే చోటుకి ముందు కనిపించే మాటల్లో, రంగు పెట్టినప్పుడు ఆ వరసకి రెండు పక్కలా \[ , \] గుర్తులు ఉంచాలి. లేకపోతే బాష్ ఆ బైట్లను కూడా అక్షరాలుగా లెక్కబెట్టి, పొడుగు కమాండు కొట్టినప్పుడు లైను వచ్చి తన మీదే పడుతుంది.

అపోహ: ఎర్రగా ఉంటే చాలు, తప్పని తెలిసిపోతుంది.

వాస్తవం: ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని కళ్ళు చాలా ఉన్నాయి, మగవాళ్ళలో ఎక్కువ, ఎందుకంటే ఆ జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. పైగా రంగు వాట్సాప్‌లోకి కాపీ అవ్వదు. గుమాస్తా ఆ లైను నాకు పంపితే మాటలే వస్తాయి. లైను మొదట్లో ‘సరే’, ‘తప్పు’ అని మాట ఉండాలి, రంగు ఆ మాట మీద వేయాలి. తప్పు జరిగినప్పుడు స్క్రిప్టు సున్నా కాని ఎగ్జిట్ కోడ్‌తో, అంటే ముగిసేటప్పుడు ఇచ్చే ఫలితం అంకెతో, బయటికి రావాలి కూడా, ఎందుకంటే దాన్ని పిలిచిన ఇంకో స్క్రిప్టు రంగు చూడదు.

అపోహ: రంగు వేస్తే వరస చెడదు, పొడవు అలాగే ఉంటుంది.

వాస్తవం: కంటికి అలాగే ఉంటుంది, ప్రోగ్రాముకి కాదు. రెండక్షరాల ఇంగ్లీషు మాటకి ఎరుపూ రీసెట్టూ తగిలిస్తే పైథాన్ లెక్కలో దాని పొడవు 11. దాన్ని ఇరవై గళ్ళ నిలువు వరసలో సర్దమంటే తొమ్మిది ఖాళీలు తక్కువ పడతాయి. ముందు ఖాళీలతో సర్దండి, తర్వాత రంగు చుట్టండి.

తెలుగు పేర్లతో ఇబ్బంది రెట్టింపు. మండలాల వారీ పట్టిక వేస్తే పలాస, ఇచ్ఛాపురం అని రెండు పేర్లొస్తాయి. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు. పలాస నాలుగు గుర్తులు, 12 బైట్లు. ఇచ్ఛాపురంలో చ, పొల్లు, ఛ, దీర్ఘం అన్నీ విడివిడిగా కలుపుకుని తొమ్మిది గుర్తులు, 27 బైట్లు. బాష్ ప్రింట్ఎఫ్‌లో ఇరవై వెడల్పు ఇస్తే అది బైట్లనే లెక్కబెడుతుంది: పలాస పక్కన ఎనిమిది ఖాళీలు పెడుతుంది, ఇచ్ఛాపురం పక్కన ఒక్కటీ పెట్టదు. పైథాన్ గుర్తుల్ని లెక్కబెడుతుంది, కాస్త నయం, కానీ తొమ్మిది గుర్తులు స్క్రీను మీద తొమ్మిది గళ్ళు తీసుకోవు. దీర్ఘం గుర్తు చోటు అక్కర్లేనిదని, కొమ్ము చోటు తీసుకునేదని యూనికోడ్ (అన్ని లిపుల గుర్తుల ప్రమాణ పట్టిక) వర్గీకరణ. ఆ లెక్కని టెర్మినళ్ళు ఒక్కోటీ ఒక్కోలా అమలు చేస్తాయి. ఇక రంగు వరసని చ్ఛ మధ్యలో దూర్చారంటే ఒత్తు విడిపోయే ప్రమాదం ఉంది, మాట మొత్తానికీ వేయాలి గానీ ముక్కకి వేయకూడదు.

దీనికి నేను పాటించే పద్ధతి: అంకెలు, తేదీలు, ‘సరే-తప్పు’ గడులు ఎడమ వైపు, తెలుగు పేరు ఎప్పుడూ చివరి నిలువు వరసలో. సరే, తప్పు రెండూ తెలుగు మాటలే కాబట్టి వాటి వెనక ఎన్ని ఖాళీలు కావాలో చేత్తో సరిచూసి స్క్రిప్టులో అలాగే రాసేస్తాను. చివర ఉన్న పేరు ఎంత పొడుగైనా దాని తర్వాత జరిగిపోయే గడంటూ ఏదీ ఉండదు.