‘క్వ’ను పంచుకున్న తోబుట్టువులు

లాటిన్ భాషకు తోబుట్టువులు లేరా అని ఒక పాఠకుడు అడిగారు. ఉన్నారు. రోముకు ఉత్తరాన ఫలిస్కన్, అపెనైన్ కొండల్లో ఉంబ్రియన్, దక్షిణాన పాంపే, ఇంకా కిందికి కూడా ఆస్కన్. రోము గెలిచాక అందరూ లాటిన్‌లోకే మారిపోయారు. ఆ యుద్ధాల కథ ఎక్కడైనా దొరుకుతుంది. నాకిష్టమైంది ఒక్క శబ్దం.

అద్దం ముందు నిలబడి ‘క్వ’ అనండి. నాలుక వెనక భాగం పైకి లేచి అంగిటికి తగులుతుంది, పెదవులు గుండ్రంగా ముందుకొస్తాయి. ఒకేసారి రెండు పనులు. (బడిలో వర్ణోత్పత్తి బట్టీ పట్టించే బదులు పిల్లల చేతికి అద్దమిస్తే చాలు.) వీటికీ సంస్కృతానికీ తల్లి అయిన ఇండో-యూరోపియన్ మూలభాషలో ఈ శబ్దం ఉండేది. వాటాల దగ్గర లాటిన్ దాన్ని పంచకుండా ఉంచుకుంది: ‘ఎవరు’ అనడానికి క్విస్. ఆస్కన్, ఉంబ్రియన్ నాలుకను వదిలేసి పెదవులను ఏకంగా మూసేశాయి: పిస్. సంస్కృతం పెదవులను వదిలేసింది: కః. పైగా మూలభాషలోని ఎ, ఇల ముందు ఆ ‘క’ ‘చ’గా మారింది, కన్నడ ‘కివి’ మనకు ‘చెవి’ అయినట్టు. అందుకే నాలుగు లాటిన్‌లో క్వత్తువోర్, ఉంబ్రియన్‌లో పెతుర్-, సంస్కృతంలో చతుర్-.

1444లో ఇటలీలోని గుబ్బియోలో 7 కంచు పలకలు దొరికాయి. ఉంబ్రియన్ పూజారుల పూజావిధానం అది. మధ్యలో అంతరాయం కలిగితే మళ్లీ పక్షి శకునం చూసి, ఊరి ద్వారం దగ్గరికి వెళ్లి మొదటినుంచీ చేయాలట. మన ఇళ్లలో పిల్లి ఎదురొస్తే కాసేపు కూర్చుని బయల్దేరడం నయం! ఆ ప్రార్థనల్లో ఒకచోట ‘దుపుర్సుస్ పెతుర్పుర్సుస్’ అని ఉంది: రెండు కాళ్లవాటికీ నాలుగు కాళ్లవాటికీ అని. ‘శం నో అస్తు ద్విపదే, శం చతుష్పదే’ అని శాంతిమంత్రం విన్నవాళ్లకు వెంటనే చెవికి తగులుతుంది.

యేసుకు సిలువ శిక్ష వేసినవాడిగా చర్చిలో వినిపించే పొంతి పిలాతు పేరులోనూ ఈ ‘ప’ ఉంది. పొంతియుస్ ఆస్కన్ మాట్లాడిన సామ్నైట్ల ఇంటిపేరు. ‘అయిదు’ నుంచి వచ్చింది. దానికి సరిజోడు లాటిన్ పేరు క్వింతియుస్.

ఇక వంట. తర్వాతి కాలపు లాటిన్‌లో వంటగది కోక్వినా, వీధిలో తిండి అమ్మే కొట్టు పోపినా. ధాతువు ఒకటే, రెండోది ఆస్కన్ తరహా పలుకుబడి నుంచి అరువు. సంస్కృతంలో అదే పచ్, మన బెల్లంపాకంలో పాకం. కోక్వినా మాత్రం మెల్లగా ఇంగ్లీషుకు చేరి, అక్కణ్నుంచి మన ఇళ్లలో కిచెన్ అయింది.